ఖాళీ గడిలో తేదీ

పోయిన వారం పుస్తకం అచ్చుకి వెళ్లింది. ఈ వారం నా పరువు అచ్చయింది.

పోయిన వారం ఈ శీర్షిక చదవనివాళ్లకీ, చదివి మరిచిపోయిన అదృష్టవంతులకీ నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను శ్రీరామ్మూర్తిని. గాజువాకలో బస్సులు ఆగే చోటికి వెనక సందులో, మెట్ల కింద గదిలో, ఇరవై రెండేళ్లుగా డీటీపీ సెంటరు నడుపుతున్నాను. ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లూ, దినాలూ, ఆ రెండింటి మధ్య వచ్చే సన్మానాలూ అన్నీ నా చేతి మీదుగానే పేజీలెక్కాయి. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల కార్మికుల సంఘం ఒకటుంది. దానికి పాతికేళ్లు నిండాయని, రెండువందల పన్నెండు మంది సభ్యుల వివరాలతో పుస్తకం వెయ్యాలనుకున్నారు. పట్టికలో ఐదు కాలమ్‌లు: వరస నెంబరు, పేరు, బోటు, కాలం చేసిన తేది, ఇంటి నెంబరు. బతికున్నవాళ్లకి నాలుగో గడి ఖాళీ. సంఘం ఆఫీసులో కూర్చుని ఆ పట్టికని ఎక్సెల్‌లో కొట్టింది స్టెఫీ. పెన్‌డ్రైవులో పెట్టి తెచ్చింది సెక్రటరీ సన్యాసిరాజు. పుస్తకం పేజీల్లోకి ఎక్కించింది నేను.

పట్టికని పేజీల్లోకి ఎక్కించే ముందు రోజు నా గుమ్మంలోకి నూకాలు వచ్చింది. హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ గోడవార చేపలు ఎండబెట్టి అమ్ముకునే మనిషి. ఆరేళ్ల కిందట, దీపావళి మర్నాడు, ఆమె మొగుడు వీరన్న 'జోగమ్మ' అనే బోటెక్కి వేటకి వెళ్లాడు. బోటులో మొత్తం ఐదుగురు. బోటూ రాలేదు, చెక్కముక్కా రాలేదు, మనుషులూ రాలేదు. ఆ బోటు డ్రైవరు విజయరత్నం కూతురే పైన చెప్పిన స్టెఫీ; తండ్రి లేని పిల్లని సంఘంవాళ్లు జాలిపడి పనిలో పెట్టుకున్నారు. నూకాలు అడిగింది ఒక్కటే. "బాబూ, మా ఆయన గడిల ఏటీ రాయొద్దు. సిన్న గీత కూడా గీయొద్దు. గీత్తే మనిషిని కొట్టీసినట్టుంటాది."

నా కొట్లో ఆచారం ఏమిటంటే, ఖాళీ గడి కనిపిస్తే అందులో చిన్న అడ్డగీత పెట్టనిదే పట్టికని పేజీలోకి తీసుకోను. ఇరవై రెండేళ్ల అలవాటు. నూకాలు కోసం దాన్ని పక్కన పెట్టాను. ఒక్క వీరన్నకే గీత లేకపోతే ఎబ్బెట్టుగా ఉంటుందని, ఎవరికీ పెట్టలేదు. ఆ గీతలు పెట్టకపోవడంతో నా నుదుటి గీతే మారిపోయింది.

అక్కడి నుంచి మొదలు.

సోమవారం పొద్దున్న పది గంటలకి షట్టరు ఎత్తేసరికి సన్యాసిరాజు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పుస్తకం. ముఖం ఐసులో పెట్టి తీసిన చందువ చేపలా ఉంది.

"బావా, నాను సచ్చిపోనాను," అన్నాడు.

"ఎప్పుడు బావా?" అన్నాను తాళం జేబులో వేసుకుంటూ. సెక్రటరీల మాటలకి ఉలిక్కిపడటం మానేసి చాలా ఏళ్లయింది.

"పందొమ్మిదివందల అరవై ఒకటి, ఫిబ్రవరి ఆరో తారీకు. నువ్వే ఏసినావు. సూడు, వరస నెంబరు పదకొండు."

చూశాను. వరస నెంబరు 11. సన్యాసిరాజు. కాలం చేసిన తేది: 06-02-1961.

"నువ్వు పుట్టిందెప్పుడు?"

"అరవై ఎనిమిదిల!"

పుట్టడానికి ఏడేళ్ల ముందే పోయిన మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్న డీటీపీవాడు ఈ ఉత్తరాంధ్ర మొత్తంలో నేనొక్కణ్నే అయ్యుంటాను. నవ్వొచ్చింది. వాడి ముఖం చూసి మింగేశాను.

"నాను పోతే పోనీ బావా. హార్బర్ల జనం నన్ను బతకనీట్లేదు. పంతొమ్మిది మందిని సంపీసినావు! సంఘంల పెద్ద మెంబరు పాపాయమ్మ అత్తనైతే రెండువేల ఇరవై ఏడు ఆగస్టు ఐదున సంపుతానని ముందే డేటిచ్చీసినావు. ఆవిడేటందో తెలుసా? 'ఇంకా రెండేళ్లుందిరా సన్యాసీ, ఈలోపల నీ సంగతి సూసే పోతాను' అంది. సీపురుకట్ట పట్టుకుని ఆఫీసు గుమ్మంల కూకుంది. నాను వెనక కిటికీలోంచి దూకి వచ్చీసినాను."

"నువ్వు ప్రూఫు చూశానని సంతకం పెట్టావు కదా?"

"సూసినాను."

"చూశావనడానికి ప్రూఫేదీ?"

"నా ఫొటోలు సూసినాను బావా. అన్నీ బాగొచ్చినాయి."

ఛీ. నలభై పేజీల పుస్తకంలో ఎనిమిది పేజీల నిండా వీడి ఫొటోలే. సముద్రం ముందు వీడు, సముద్రం పక్కన వీడు, సముద్రానికి దండేస్తున్నట్టు వీడు. పట్టిక వంక చూడ్డానికి తీరికెక్కడిది?

ముందు వీడు తెచ్చిన ఫైలు గురించి చెప్పాలి. స్టెఫీ శుభ్రంగా కొట్టిన పట్టికని, వీడు "అందంగా" చేశాడు. పై మూడు వరసల్నీ కలిపి మెర్జ్ చేశాడు. మెర్జ్ అంటే వాడి మర్జీ. ఆ కలిసిన గడిలో సంఘం పేరు ఊదారంగులో, దాని కింద వాడి పేరు అంతకన్నా పెద్ద ఊదారంగులో. పేర్లు మధ్యకి రావడానికి స్పేసుబారు మీద బొటనవేలు పెట్టి నిద్రపోయాడు. ఒక్కో పేరు ముందు ముప్ఫై ఖాళీలు. వరస మార్చి వరస గులాబీ. ఫైలు పేరు "ఫైనల్". దాని పక్కన "ఫైనల్ కొత్తది". దాని పక్కన "ఇదే ఫైనల్". పట్టిక అంటే పట్టించుకుని చేసేది. వీడు పట్టించుకోలేదు, నా పని పట్టాడు. ఎక్సెల్ చేతికొస్తే మనవాళ్లకి మిఠాయి కొట్టుకీ పట్టికకీ తేడా తెలియదు. చేపల బుట్ట కడిగిన నీళ్లలో చెయ్యి పెట్టినా ఆ ఫైలులో పెట్టినంత రోత పుట్టదు.

ఆ రంగులన్నీ కడిగి, కలిసిన గడులన్నీ విడగొట్టి, ఉత్త అక్షరాలుగా, గడికీ గడికీ మధ్య హద్దుగా ఒక్క ట్యాబు గుర్తు పెట్టి విడిగా దాచాను. అంతవరకూ నా పని సవ్యంగానే ఉంది. కానీ ఎక్సెల్లో తెలుగు ఒక రకం, నా పేజీల్లో వాడే పాత అచ్చక్షరాల తెలుగు ఇంకో రకం. మధ్యలో కన్వర్టరు ఒకటి కావాలి. అది కన్వర్టరు కాదు, కన్నం వేసే దొంగ. రెండు ట్యాబులు పక్కపక్కన కనిపిస్తే, అంటే మధ్యలో గడి ఖాళీగా ఉంటే, ఒకదాన్ని మింగేస్తుంది. అప్పుడు కుడివైపు గడిలోది ఎడమవైపుకి జరిగి కూర్చుంటుంది. అడ్డగీత ఉంటే మింగదు. నా ఆచారం అందుకే పుట్టింది. ఆచారం మానేసిన పూట బతికున్నవాళ్లందరి ఇంటి నెంబర్లూ "కాలం చేసిన తేది" కాలమ్‌లోకి వచ్చి పడ్డాయి.

"మరి నువ్వు సూడలేదేటి?" అన్నాడు సన్యాసిరాజు ఇదంతా విని.

"చూశాను. ఇరవైతొమ్మిది డాష్ పదహారు డాష్ రెండు అని ఉంటే ఇంటి నెంబరని తెలుస్తుంది కదా. అలాంటివన్నీ, నూట అరవై గడులు, ఒక్కొక్కటీ పట్టుకుని పక్కకి తోశాను. రెండు రోజులు తోశాను."

"మరి నాది?"

"నీ ఇంటి నెంబరెంత?"

"ఆరు రెండు అరవై ఒకటి."

చెప్పాక వాడికే అర్థమైంది. నోరు తెరిచాడు.

విశాఖపట్నంలో మనం ఇంటికి రెండు అడ్డగీతలతో నెంబరు పెట్టుకుంటాం. వార్డు, బ్లాకు, ఇల్లు. ఎక్సెల్‌కి ఈ ఊరు తెలియదు. ఆరు, రెండు, అరవై ఒకటి అని కొట్టి ఎంటర్ నొక్కగానే, "ఓహో, ఫిబ్రవరి ఆరు, 1961" అని తనే నిర్ణయించుకుంటుంది. అడగదు, చెప్పదు. నడిమి అంకె పన్నెండు దాటితే నెలగా కుదరక ఊరుకుంటుంది. పన్నెండు లోపలైతే ఇల్లు కాస్తా తిథి అయిపోతుంది. పాపాయమ్మ ఇల్లు ఐదు, ఎనిమిది, ఇరవై ఏడు. అలా తేదీలైపోయిన పంతొమ్మిది ఇళ్లు పక్క గడిలోకి జరిగాయి. చూడ్డానికి తేదీలా ఉన్నాయి, తేదీల కాలమ్‌లో ఉన్నాయి. నేను ముట్టుకోలేదు. సంవత్సరం సంగతి చూడాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. అసహ్యం వేసింది. సన్యాసిరాజు మీద కాదు. నా మీద నాకే.

"ఎవరూ కాలం చెయ్యలేదు బావా. కాలమ్ చేసింది," అన్నాను.

"ఈ మాట పాపాయమ్మత్తకి నువ్వే వచ్చి సెప్పు."

"సవరణ పత్రం వేద్దాం. ప్రతి పుస్తకంలోనూ అతికిద్దాం."

"అందుల నా ఫొటో ఎక్కడ ఏత్తావు?"

వాడికి సమాధానం చెప్పేలోపల గుమ్మంలో నీడ పడింది. నూకాలు.

చేతిలో పుస్తకం, పాలిథిన్ కవర్లో. చేపల చెయ్యి తగలకుండా చుట్టుకొచ్చింది. చెప్పులు బయట విప్పింది. నా కొట్టుకి చెప్పులు విప్పి వచ్చేవాళ్లు ఎవరూ లేరు. పుస్తకం తీసి నా టేబులు మీద పెట్టింది. వీరన్న పేరున్న తొమ్మిదో పేజీ దగ్గర ఐసుపుల్ల గుర్తుగా ఉంది.

నేను తిట్లకి సిద్ధమయ్యాను. గీత కూడా వద్దని బతిమాలిన మనిషి, మొగుడి గడిలో తేదీ పడితే ఊరుకుంటుందా? పాపాయమ్మ చీపురు గుర్తొచ్చింది. సన్యాసిరాజుకీ గుర్తొచ్చినట్టుంది, కిటికీ ఎటుందా అని చూస్తున్నాడు.

నూకాలు తిట్టలేదు.

"నాకు సదువు రాదు బాబూ. అంకెలొచ్చు. మా ఆడపడుచు కూతురు సదివి సెప్పింది, నాను మళ్లా అంకెలు సూసుకున్నాను. నాలుగు, పదకొండు, రెండువేల పందొమ్మిది." వేలు ఆ గడి మీద ఆనించకుండా, పైన గాలిలోనే ఉంచింది. "ఇది నీకు ఎవులు సెప్పినారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా, అది పొరపాటున..."

"దీపావళి మర్నాడు ఎల్లినాడు. అక్టోబరు ఇరవై ఎనిమిది. నాలుగో తారీకంటే, నడిమిన ఏడు రోజులు." వేళ్లు ముడిచి చూపించింది. "ఏడు రోజులు బతికున్నాడన్నమాట. బోటుల మంచినీళ్లు నాలుగు రోజులకే ఏసుకుంటారు. మరి మిగతా మూడు రోజులు ఏటి తాగినాడు బాబూ? అది తెలిసినోళ్లు ఎవులో ఉన్నారు. ఆళ్ల పేరు సెప్పు. నాను గొడవ సెయ్యను. అడిగి వచ్చేత్తాను."

కుర్చీ జరిపాను. కూర్చోలేదు.

నాకు ఒక్కసారి గుండెలో బరువు దిగినట్టయింది. ఎందుకంటే ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. అరగంట క్రితమే తెలుసుకున్న, వేడివేడి జవాబు. ఏ ఏడుపూ లేకుండా ఈమెని ఇంటికి పంపించగల జవాబు. గొప్పగా గొంతు సవరించుకున్నాను.

"నూకాలమ్మా, అది తేదీ కాదు. ఇంటి నెంబరు. ఇలా చూడు." పుస్తకం తిప్పి పదకొండో వరస చూపించాను. "ఇదిగో మన సెక్రటరీ. ఇతను పోయినట్టు వేశాం. పోయాడా?"

"లేదు," అంది నూకాలు, అతణ్ని పైనుంచి కింది దాకా చూసి. ఆ అనడంలో కొంచెం విచారం వినిపించింది.

"ఇప్పుడు పక్క గడి చూడు. ఇంటి నెంబరుండాల్సిన చోటు. ఏముంది?"

"ఏటీ లేదు. ఖాళీ."

"అదీ. ఆ ఖాళీలో ఉండాల్సిందే జరిగొచ్చి ఇక్కడ కూర్చుంది. ఇదిగో పాపాయమ్మ. తేదీ ఉంది, పక్క గడి ఖాళీ. ఇదిగో ఇంకొకరు. తేదీ ఉంది, పక్కన ఖాళీ. ఇల్లు నడిచొచ్చి మనిషి మీద పడిందమ్మా, అంతే. మీ వీరన్నది కూడా అదే. పక్క గడి ఖాళీగా ఉంటుంది, చూడు."

ఐసుపుల్ల తీసి తొమ్మిదో పేజీ తెరిచాను. వరస నెంబరు 147. వీరన్న. జోగమ్మ బోటు. 04-11-2019.

పక్క గడి.

27-14-3.

మళ్లీ చూశాను. ఇరవైయేడు, పద్నాలుగు, మూడు. ఇంటి నెంబరు తన గడిలో తను బుద్ధిగా కూర్చునే ఉంది. ఎక్కడికీ జరగలేదు.

"ఇది మా ఇంటి నెంబరే," అంది నూకాలు. "మరి అదేటి?"

పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"నువ్వు తోసినవాటిల ఇదొకటేమో బావా," అన్నాడు సన్యాసిరాజు. జీవితంలో మొదటిసారి పనికొచ్చే మాట అన్నాడు. నూట అరవై తోశాను కదా, ఇదీ తోసి ఉంటాను. తోసేటప్పుడు ఇంకొకరి తేదీ వచ్చి ఇక్కడ పడిందేమో.

"అసలు ఫైలు చూద్దాం," అన్నాను.

పెన్‌డ్రైవు పెట్టి "ఇదే ఫైనల్" తెరిచాను. ఊదారంగు కళ్లల్లో పొడుచుకుంది. నూటనలభయ్యేడో సభ్యుడి దాకా దిగాను. నూకాలు నా కుర్చీ వెనక నిలబడింది. ఎండుచేపల వాసనా, సముద్రపు వాసనా కలిసి వస్తోంది.

ఆ గడిలో తేదీ ఉంది. నేను తోసింది కాదు, కన్వర్టరు మింగి కక్కింది కాదు. నా చేతికి రాకముందే, ఫైలులోనే ఉంది.

ఇంకొకటి కూడా కనిపించింది. ఎక్సెల్ తేదీలన్నిటినీ గడిలో కుడిపక్కకి ఆనించి పెడుతుంది. పోయినవాళ్ల తేదీలన్నీ అలా కుడి గోడకి ఆనుకునే ఉన్నాయి. ఇదొక్కటే ఎడమ గోడకి ఆనుకుని ఉంది, వరస తప్పిన మనిషిలా. గడి మీద నొక్కి పైన పట్టీలో చూశాను. తేదీకి ముందు, పైన, నల్లపూసంత చిన్న గుర్తు. ఒంటి కొటేషను.

మౌసు మీంచి చెయ్యి తీశాను.

అది నా విద్య. గడిలో మొదట ఆ ఒక్క గుర్తు పెడితే, ఆ తర్వాత ఏం కొట్టినా ఎక్సెల్ దాని జోలికి రాదు. నీ తెలివి నా మీద చూపించకు, నేను రాసింది రాసినట్టే ఉంచు, అని దాని నోరు నొక్కడం అది. ఇంటి నెంబర్లన్నిటికీ ముందు ఆ గుర్తు పెట్టి ఉంటే పంతొమ్మిది మందీ హాయిగా బతికి ఉండేవారు. రెండువందల పన్నెండు వరసల్లో అది ఉన్నది ఒకే ఒక్క గడిలో. పొరపాటున పడేది కాదు. చెయ్యి తెలిసి పెట్టాల్సిందే.

"బావా, ఈ ఫైలు ఎవరెవరి చేతుల్లో పడింది?"

"నానూ, స్టెఫీ గుంటా. మరెవులూ ముట్టుకోలేదు."

"నువ్వు ఇది పెట్టావా?" గుర్తు చూపించాను.

దగ్గరికి వంగి చూశాడు. "ఏటది, ఈగ గుడ్డా? నాకు తెల్దు."

నిజమే. వాడికి రంగులు తప్ప ఏమీ తెలియవు. ఆ మాటకొస్తే ఈ విద్య నేను నేర్పింది ఒక్కరికే. మూడు వారాల కిందట ఒక మధ్యాహ్నం స్టెఫీ వచ్చింది. పని అంతా అయిపోయింది అంకుల్, అంది. పట్టిక మొత్తం కొట్టేశాను, రేపు సెక్రటరీగారికి ఇచ్చేస్తాను, అంది. మరెందుకొచ్చావంటే నేల వంక చూస్తూ, "నాను రాసింది అది మార్చకుండా ఉండాలంటే ఏటి సెయ్యాలి అంకుల్?" అనడిగింది. ఎన్ని గడులకమ్మా, మొత్తం కాలమ్‌కి ఒకేసారి చెయ్యొచ్చు, అన్నాను. "ఒక్క గడికే," అంది. బుద్ధిమంతురాలు, ఒక్క గడి గురించి ఇంత శ్రద్ధ, అని మెచ్చుకుని టీ తెప్పించాను. ఏ గడి అని అడగలేదు. నూకాలుకి మాటిచ్చాక కూడా ఆ గడి వంక తొంగి చూడలేదు. మామూలుగా అడ్డగీతలు పెట్టుకుంటూ వచ్చి ఉంటే, నూటనలభయ్యేడు దగ్గర చెయ్యి ఆగేది. జాలిపడి మానేశాను. ఛీ, ఈ చేతులు.

"ఎవులు బాబూ?" వెనక నుంచి నూకాలు.

అబద్ధం చెప్పొచ్చు. కరెంటు హెచ్చుతగ్గులనొచ్చు, వైరస్సనొచ్చు. కంప్యూటరు మీదికి ఏది తోసినా జనం నమ్ముతారు. ఇరవై రెండేళ్లుగా నా తప్పులన్నీ అలాగే తోశాను. ఆమె చెప్పులు గుమ్మం బయట కనిపిస్తున్నాయి, ఒకదాని పక్కన ఒకటి, సర్ది పెట్టినట్టు.

"స్టెఫీ," అన్నాను.

"రత్నం కూతురా?"

"అవునమ్మా."

నూకాలు కదల్లేదు. సన్యాసిరాజు మాత్రం ఎగిరిపడ్డాడు. "ఆ గుంటకేటి తెలుస్తాది బావా! ఆళ్ల నాన్న కూడా అదే బోటు మీద పోనాడు కదా. తనకే తెల్దు, వీరన్న సంగతేటి తెలుస్తాది? వయసు గుంట, ఏదో ఆలోచనల కొట్టీసుంటాది." జేబులోంచి సెల్లు తీశాడు. "ఉండు, ఇప్పుడే అడుగుతాను." చెవి దగ్గర పెట్టుకుని, తీసి చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. "స్విచ్చాఫు. ఓ, ఇవాళ సోమవారం కదా. సెలవు. పెతీ సోమవారం తగరపువలస ఎల్తాది."

"తగరపువలసల ఆ గుంటకి ఎవులున్నారు?" అంది నూకాలు.

"ఎవులున్నారు? ఎవులూ లేరు. తల్లి ఎప్పుడో పోయింది. నానూ ఓపాలి అడిగినాను. 'ఎవులికో మందులివ్వాలి సార్' అంది. సర్చి తరఫున ఎవులో ముసిలోళ్లకి అనుకున్నాను."

నూకాలు వంగి తెర వంక చూసింది. అక్షరాలు రాని మనిషి, గడుల్ని చూస్తోంది.

"బాబూ, జోగమ్మ బోటోళ్లు మొత్తం ఐదుగురు. మిగతా నలుగురి గడులు సూపించు."

చూపించాను. ఒకటి ఖాళీ. రెండోది ఖాళీ. మూడోది ఖాళీ. నాలుగోది వరస నెంబరు 152. విజయరత్నం, డ్రైవరు. కూతురే తన చేత్తో కొట్టిన పేరు. పక్కన గడి ఖాళీ.

ఒకే బోటు. ఒకే సముద్రం. ఒక్కడికే తేదీ.

సన్యాసిరాజు సెల్లు జేబులో పెట్టేసుకున్నాడు.

"మా ఆయన పోయిన రోజు ఒకరికి తెలిసిందంటే," అంది నూకాలు, మెల్లగా, చేపలు లెక్కపెట్టి బుట్టలో వేస్తున్నట్టు ఒక్కో మాటా, "ఆ రోజు ఆడి పక్కన ఎవులో ఉన్నట్టే కదా. ఉన్నోడు ఒడ్డుకొచ్చినట్టే కదా. వచ్చి, కూతురికి సెప్పినట్టే కదా బాబూ."

పుస్తకం మళ్లీ పాలిథిన్ కవర్లో పెట్టింది. ఐసుపుల్ల తొమ్మిదో పేజీలోనే ఉంచింది. చెంగు బిగించి నడుముకి దోపుకుంది. గుమ్మం దాటి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని, ఇటు తిరిగింది.

"తగరపువలస బస్సు ఎక్కడెక్కాల?"